అక్క తిన్న తొలిముద్ద

మొన్న రఘునాథపల్లి వైపు చావుపలకరింపుకు వెళ్లి వస్తూ, నేను మొదట పంతులమ్మగా చేరిన బడి ముందు ఆటో కాసేపు ఆపించాను. పట్నం నుంచి వచ్చిన వ్యానులోంచి మధ్యాహ్న భోజనానికి టమాటాల ట్రేలు దింపుతున్నారు. ఇవి ఏ ఊరివని అడిగితే, "ఏమోనమ్మా, మార్కెట్ల ఎక్కిచ్చిన్రు, తెచ్చిన" అన్నాడు డ్రైవరు.

నేనున్న రోజుల్లో ఆ బడిలో వంట చేసింది, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న ఒక మనిషి. ఊరంతా ఆమెను అక్క అనేది, నేనూ అక్క అనే పిలిచేదాన్ని. బడి వెనకాలే ఆమె మరిది బావి కింద కూరగాయలు పండించేవాడు. పొద్దున కోసిన బచ్చలికూర, సొరకాయలు ప్రార్థన గంటకల్లా బడికి చేరేవి, నూనె, పప్పు ఊరి కొట్టు నుంచి వచ్చేవి. ఏమీ తినకుండా బడికొచ్చిన పిల్లలు పోపు వాసనకు తలలెత్తి వంటగది వైపు చూస్తుంటే, పాఠం ఆపి నేనూ అటే చూసిన రోజులు లేకపోలేదు.

తర్వాత సరుకులన్నీ ఒక్క కాంట్రాక్టరు దగ్గరే తీసుకోవాలని పైనుంచి మాట వచ్చింది. మరిది కూరగాయలు బడికి అక్కరలేకుండా పోయాయి. వడలిన వంకాయలు, పురుగు పట్టిన పప్పు వచ్చేవి. అక్క గొణుక్కుంటూనే ఏరి, కడిగి వండేది.

ఒకనాడు కొత్త నూనె డబ్బా మూత తీయగానే ఘాటు వాసన కొట్టింది.

"సారూ, ఈ నూనె మంచిగ లేదు. పోరగాండ్లకు పెట్టబుద్ధయితలేదు" అంది అక్క. మా హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు, భయస్తుడు. "వాపస్ పంపితే నా మీదికొస్తది. ఇయ్యాల్టికి వండు" అన్నాడు.

వండింది. వాసన మాత్రం పోలేదు. పిల్లలు పళ్లాలు ముందు పెట్టుకుని కూర్చున్నాక, ఆమె గిన్నెకు అడ్డంగా నిలబడి, "జర ఆగుండ్రి బిడ్డా, ముందుగాల నేను తిని చూస్త" అని, అందరి ముందూ పళ్లెం నిండా కలుపుకుని తింది.

కాసేపటికే కడుపు పట్టుకుని కూలబడింది. నోటి వెంట నురగ వస్తుంటే, "పెట్టకు టీచరమ్మా, పారబొయ్యి" అంది. నేను విన్న ఆమె ఆఖరి మాట అదే. వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే, స్టేషన్ ఘన్‌పూర్ దాటాక నా ఒళ్లోనే ప్రాణం పోయింది. ఆ నూనెలో పురుగుమందు కలిసిందని డాక్టర్లు చెప్పారు. పిల్లల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు, ఆకలితోనే ఇళ్లకు పోయారు.

ఆ తర్వాత అధికారులు వచ్చి, ఊరి కూరగాయలే కొనుక్కోమన్నారు. హెడ్మాస్టరూ నేనూ మరిది దగ్గరికి వెళ్లాం. అతను తల ఎత్తకుండానే, "మా వదినె లేని పొయ్యికి నేను కూర ఇయ్య. నన్ను అడగకుండ్రి" అన్నాడు. వానలు పడగానే కూరగాయలు పండించిన ఆ చేలోనే పత్తి పెట్టాడు. మెల్లగా చుట్టుపక్కల వాళ్లూ పత్తికే మళ్లారు. ఊళ్లో కూరగాయలు దొరక్క, బడికి ఇంకో కాంట్రాక్టరు వచ్చాడు.

కూర తింటే అది ఏ చేనిదో, ఎవరు కోసిందో తెలిసిన తరం మనది. బాగా లేకపోతే గట్టు మీదికి పోయి నిలదీసేవాళ్లం. ఇప్పుడు పిల్లలకు గుడ్డు కూడా పెడుతున్నారట, సంతోషమే. కానీ వాళ్ల పళ్లెంలోకి వచ్చినది ఎక్కడిదని వెతుక్కుంటూ బయలుదేరితే, ఎంత దూరం నడిచినా తలుపు తట్టడానికి ఒక్క మనిషి ఇల్లు తగలదు.