గడి ముందర బోర్లా పడుకుని

ఆ రోజుల్లో మనిషి కూర్చోవడానికీ, నిలబడడానికీ, ఆఖరికి పడుకోవడానికీ ఎవరో ఒకరి అనుమతి కావాలి. పొలంలో నిలబడితే పట్వారీ అడిగేవాడు, నలుగురిలో కూర్చుంటే పెద్దలు అడిగేవారు, ఇంట్లో పడుకుంటే మా బాపు అడిగేవాడు. నైజాం రాజ్యం కూలిపోయిన ఏడాది సంగతి ఇది. (కూలిపోబోతుందని మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకో రెండు నెలలు ఓపిక పట్టి ఇంట్లోనే ఉండేవాళ్ళం.) ఆ ఏడాది గురించి మా రామన్నపేట వైపు ముసలివాళ్ళలో ఎవరిని కదిపినా తుపాకుల గురించి, గుట్టల్లో దాక్కోవడం గురించి చెబుతారు. అన్నీ నిజమే, నేను కాదనను. నా వాటాకు మాత్రం ఒక సెగగడ్డ వచ్చింది. అది లేచిన చోటు నలుగురిలో చెప్పుకునేది కాదు. కూర్చున్నప్పుడు మనిషి బరువంతా ఎక్కడ ఆనుతుందో అక్కడ, కుడివైపు.

పక్క ఊళ్ళో ఖాకీ గుంపు దిగి గడ్డివాములు కాల్చిందని, పడుచువాళ్ళను కట్టి తీసుకుపోయిందని వార్త వచ్చేసరికి మా పెద్దబాపు ఇంటింటికీ తిరిగి బండ్లు కట్టమన్నాడు. జడ్చర్ల అవతల మా మేనత్త ఊరికి పోయి కొన్నాళ్ళు తలదాచుకుందామని ఏర్పాటు. అయిదు బండ్లు, వారం ప్రయాణం. సరిగ్గా బయలుదేరే ముందురోజు నన్ను దవాఖానకు మోసుకుపోవలసి వచ్చింది. "దానిగ్గూడ గిప్పుడే పురుసత్ దొరికిందారా?" అని బాపు నా మీద కోప్పడ్డాడు, గడ్డను నేనే కబురు పెట్టి పిలిపించినట్టు. డాక్టరు సాబు కత్తి తీశాడు, నలుగురు నా కాళ్ళూ చేతులూ పట్టుకున్నారు. నేను అరవలేదని తరువాత మా అమ్మ ఊరంతా చెప్పింది. (అరవడానికి నోట్లో గుడ్డ అడ్డం ఉంది.) కట్టు కట్టి డాక్టరు సాబు ఒకటే మాట అన్నాడు: "పది రోజులు కూసునేది లేదు, దిగేది లేదు, ఎక్కేది లేదు. బోర్లా పండు. గాలి తగలనియ్యి. కూసుంటివా, మల్ల నా దగ్గర్కే వస్తవ్, సమ్జయిందా?" సమజైంది. ఆయన మొహం మళ్ళీ చూడాలన్న కోరిక నాకు బొత్తిగా లేదు.

అలా పందొమ్మిదేళ్ళ వయసులో, మీసం అప్పుడప్పుడే నిలబడుతున్న దశలో, అయిదు బండ్ల వరుసలో రెండో బండి మీద వరిగడ్డి పరిచి నన్ను బోర్లా పడేశారు. గాలి తగలాలి కాబట్టి బండికి గూడు లేదు. కాళ్ళు కోడెల వైపు, తల వెనక వైపు. నడుము మీద ఒక పలుచటి ధోవతి ముక్క కప్పారు. ఎవరైనా ప్రయాణంలో ముందున్న ఊళ్ళు చూస్తారు. నేను దాటిపోయిన ఊళ్ళు మాత్రమే చూశాను. వాటికంటే ఎక్కువగా మూడో బండికి కట్టిన సుక్కెద్దు మొహం చూశాను. నుదుటి మీద తెల్లని చుక్క, కళ్ళల్లో జాలి, నోట్లో నా పరుపు. పొద్దున బయలుదేరినప్పుడు మూరెడు ఎత్తున్న గడ్డి సాయంత్రానికి బెత్తెడు మిగిలేది. మిగతాది నా గడ్డం కింది నుంచి, చంకల కింది నుంచి అది తీరిగ్గా లాక్కుని నమిలేది. ఆగిన ప్రతిచోటా అయిదు బండ్ల జనమూ నా దగ్గరికి వచ్చి "ఎట్లున్నది?" అని అడిగేవారు. నేను ఎట్లున్నానని ఒక్కరూ అడగలేదు. మా అవ్వ (మా బాపు తల్లి) మాత్రం వేపాకు నీళ్ళతో పుండు కడిగి, కొత్త గుడ్డ చుట్టి, "మానుతది తియ్యి. మనిషైతె ఎట్లున్నా, నీ తోలు మంచిది" అనేది.

నాలుగో రోజున, ఇంక కోసెడు దూరంలో ఒక ఊరు ఉందనగా, పెద్దబాపు బండ్లన్నీ ఆపించాడు. ఆ ఊరి పేరు చెప్పను. ఇప్పటికీ అక్కడ మాకు చుట్టాలున్నారు. బాట సరిగ్గా దొరవారి గడి (కోటలాంటి ఇల్లు) ముందు నుంచి పోతుంది. ఆ గడి ముందర బండి మీద కూర్చుని పోయే రివాజు లేదు. ఎంతటివాడైనా దిగాలి, చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి, తలపాగా తీసి చంకలో పెట్టుకోవాలి, తల వంచుకుని గడి దాటేదాకా నడవాలి. అంతకు ముందటేడు ఎవరో దారిన పోయే కాపు దిగలేదని, ఎద్దుల జతను విప్పి గడిలో కట్టేసి, పంటకాలమంతా దొర పొలం దున్నించుకున్నారట. ఆ కాపు తన చేను తాను చేతులతో గీరుకున్నాడట. మా బాపు ఆస్తంతా బండికి ముందున్న ఆ రెండు కోడెలే. వాటి మీద ఈగ వాలితే నా కంటే ముందు వాటికే విసిరేవాడు.

"దిగురా," అన్నాడు పెద్దబాపు.

"డాక్టర్ సాబ్ వద్దన్నడు."

"డాక్టర్ సాబ్ దొరనా?"

"దొర డాక్టరా?" అన్నాను నేను.

"గీని నోట్ల లేసేదుండె గడ్డ!" అని పెద్దబాపు చేతి కర్ర నేలకు కొట్టాడు. బాపు మాత్రం నా దగ్గరికి వచ్చి మెల్లగా, "కోడెలు పోతయి కొడుకా. జర ఓర్చుకోరాదు," అన్నాడు. ఆయన అలా బతిమాలుతుంటే నాకు నవ్వులాట తోచలేదు. నిజంగానే దిగబోయాను. కుడికాలు బండి అంచు దాటించగానే నేను పెట్టిన కేకకు సుక్కెద్దు నమలడం మానేసింది. మళ్ళీ పడుకున్నాను. అందరూ దిగారు, నేనొక్కణ్ణే మిగిలాను.

ఇక్కడ మా బంధువులు చెప్పుకునే కథకూ, జరిగినదానికీ కొంచెం తేడా ఉంది. వాడు దొరకు వీపు చూపించాడని, వీపు కూడా కాదని, గడి వణికిపోయిందని చెబుతారు. జరిగింది ఇదీ: నా కాళ్ళు ముందు, తల వెనక కాబట్టి నా కంటే ముందు నా పుండు గడి చేరింది. సరిగ్గా గేటు ఎదురుగా గాలి లేచి ధోవతి ముక్కను ఎగరేసింది. గడి అరుగు మీది మీసాల జవాను పరుగున వచ్చి, "ఎవడ్రా గిట్ల పండింది?" అని కర్ర ఎత్తాడు. బాపు వంగిన నడుము ఎత్తకుండానే, "బాంచెన్, పుండు అయ్యా, పుండు," అన్నాడు. జవాను వంగి చూశాడు. కట్టు తడిసి ఉంది, వాసన ఉంది, ఈగలున్నాయి. ముక్కు మూసుకుని, "ఫో, ఫో, జల్ది తోలుకపో!" అని వెనక్కి దుమికాడు. అంతే. గడి వణకలేదు. జవాను ఆ పూట అన్నం తిన్నాడో లేదో నాకు తెలియదు.

కానీ బండి గేటు దాటాక ఒకటి జరిగింది, అది ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఎవరూ చూడలేదు. అందరి తలలూ నేల వైపు ఉన్నాయి. నా తల మాత్రం మోచేతుల మీద నిలబడి గడి వైపే ఉంది. బోర్లా పడుకున్నవాడికి అంతకంటే వేరే వీలు లేదు. అరుగు మీద కుర్చీలో దొర కనిపించాడు. మా చిన్నప్పటి నుంచి పేరు చెబితేనే పిల్లలు అన్నం తినేసిన దొర. మెడ నిండా చెమటకాయలు. విసనకర్ర కాడతో వాటిని గోక్కుంటున్నాడు. గోక్కుని గోక్కుని నోరు పెద్దగా తెరిచి ఆవులించాడు. ఒక ఈగ ఆ నోటి ముందు తచ్చాడి, లోపలి సంగతి చూసి, ఇష్టం లేనట్టు వెళ్ళిపోయింది. దొర నన్ను చూశాడు. నేను దొరను చూశాను. బండి కదిలిపోయింది. ఆ ఆవులింత మాత్రం నా వెంట మేనత్త ఊరిదాకా వచ్చింది.

మేనత్త ఊళ్ళో ఉండగానే పుండు మానింది. పుండు మానిన కొన్నాళ్ళకే రాజ్యమూ పోయింది. సైన్యం వచ్చిందని, పోలీసు చర్య అయిపోయిందని జడ్చర్ల నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. జనం వీధుల్లో గులాలు చల్లుకున్నారు. "ఇగ అంత మనదే" అని పెద్దబాపు మీసం తిప్పాడు. బండ్లు మళ్ళీ కట్టాం. పెద్దబాపు తిప్పిన మీసం సరిగ్గా ఆ ఊరి పొలిమేర దాకా నిలబడింది. అక్కడ ఎదురుపడిన గొర్రెల కాపరి, "గడి గట్లనే ఉన్నది, దొర గట్లనే ఉన్నడు, జవాను నెత్తిమీద తెల్లటోపి వచ్చింది," అని చెప్పాడు. వెంటనే మీసం దిగింది, మీసం వెనకాలే పెద్దబాపు కూడా బండి దిగాడు. "రాజ్యం మారినా గడి మారలే. నాలుగడుగులు నడిస్తె మన సొమ్మేం బోతది? దిగుర్రి, దిగుర్రి," అన్నాడు. అందరూ చెప్పులు విప్పడం మొదలుపెట్టారు.

నేను గడ్డి సర్దుకుని, నడుము మీద పాత ధోవతి ముక్క కప్పుకుని బోర్లా పడుకున్నాను.

"ఏమైందిరా?" అన్నాడు బాపు.

"గడ్డ లేసింది, బాపూ."

"మానింది గదరా! నిన్న చింతచెట్టు ఎక్కితివి!"

"మల్ల లేసింది."

"ఎప్పుడు?"

"పెద్దబాపు దిగుర్రి అన్నప్పుడు."

బాపు నా మొహం చూశాడు, కోడెలను చూశాడు. నేను దిగనని ఆయనకు అర్థమైంది. దిగితే ఆ ఆవులించిన నోటికి తల వంచాలి. ఒకసారి ఆ నోట్లోకి చూసినవాడు ఎలా వంచుతాడు? ఈ మాటలు అప్పుడు అనలేదు, ఇప్పుడు కూర్చుకుంటున్నాను. అప్పుడు నేను అన్నది, "కోడెలను పడితె నన్నుగూడ పట్టుమను, మూడిట్ల మెతకది నేనే." బాపు పగ్గాలు పట్టుకుని నడిచాడు. ఆయన మెడ వెనక చెమట కారుతుండడం నాకు కనిపించలేదు. నా తల మళ్ళీ వెనక వైపే కదా. తరువాత అమ్మ చెప్పింది.

జవాను టోపీ మార్చాడు గాని కర్ర మార్చలేదు. దూరం నుంచే నన్ను గుర్తుపట్టాడు. "వీడింక పండే ఉన్నడా? రెండు నెలలాయె, మానలేదా?" అన్నాడు. "దొరకొద్ది పుండు," అన్నాను నేను నేల చూస్తూ. అన్నాక అనవలసింది కాదని తెలిసింది. జవాను మొహం నల్లబడింది. "గట్లనా? తియ్యి గుడ్డ, జూస్త," అని కర్ర కొస ధోవతి అంచున పెట్టాడు. ఆ ధోవతి కింద నున్నగా మానిన తోలు తప్ప ఏమీ లేదు. అది పైకి లేస్తే నా అబద్ధం, మా బాపు కోడెలు, రెండూ గడిలోకే. సుక్కెద్దు అప్పటికే గడ్డి అంతా తినేసింది. నా కింద ఉత్త పలకలు.

అప్పుడు మా అవ్వ, చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తున్న మనిషి, ఆగింది. చెప్పులు కింద పడేసి తొడుక్కుంది. నా బండి చక్రం మీద కాలు పెట్టి, "అమ్మో, అయ్యో" అంటూ ఎక్కి నా పక్కన కూలబడింది. "నాగ్గూడ లేసింది, బిడ్డా," అంది జవానుతో.

"ఏం లేసింది?"

"గడ్డ. మా ఇంటి నెత్తురే గంత. ముందుగాల నాది జూడు, నేను పెద్దదాన్ని." అని చీర కుచ్చిళ్ళ మీద చెయ్యి వేసింది.

జవాను కర్ర దానంతటదే కిందికి దిగింది. "వద్దు అవ్వా, వద్దు," అని రెండడుగులు వెనక్కి వేశాడు. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బండెక్కింది. మిగతా బండ్లలో ఆడవాళ్ళు, వాళ్ళ తరువాత మగవాళ్ళు, ఒకరి వెనక ఒకరు మూలుగుతూ ఎక్కారు. మూలుగులు వింటే మా ఇంటి నెత్తురు నిజంగానే చెడిపోయిందని ఎవరైనా నమ్ముతారు. చివరికి, పగ్గాలు పట్టిన బాపు కాక, పెద్దబాపు ఒక్కడే, చెప్పులు చేతిలో, పాగా చంకలో, బాట మధ్యలో నిలబడి అటూ ఇటూ చూశాడు. "ఇగ నాకూ నడుము పట్టింది," అని ఎవరూ అడగకుండానే ప్రకటించి తన బండి ఎక్కాడు. బాపు కూడా నొగల మీదికి ఎగిరి కూర్చుని కోడెలను అదిలించాడు. ఆ అదిలింపులో ఉన్న గొంతు ఆయనదని నేను వెంటనే గుర్తుపట్టలేదు.

అరుగు మీద కుర్చీలో దొర ఉన్నాడు. అయిదు బండ్ల మనుషులూ కూర్చుని పోతుంటే చూశాడు. తరువాత విసనకర్ర తీసుకుని, లేచి, లోపలికి వెళ్ళాడు. అటో ఇటో ఎవరో ఒకరు లేవాలి కదా, మేము లేవలేదు కాబట్టి ఆయన లేచాడు.

ఊరు దాటాక అవ్వను అడిగాను, "నువ్వెందుకెక్కినవే?" అని. అవ్వ నోట్లో పొగాకు సర్దుకుంది. "నడుస్తాంటె టక్ టక్ అని సప్పుడు ఇనవడ్డది. ఇరుసు ఊడుతున్నదేమో అని బండి కిందికి జూసిన. ఇరుసు కాదు, పలకల మీద నీ మోకాళ్ళు." అంది. నేను చాలా ధైర్యంగా పడుకున్నాననే అనుకున్నాను అప్పటిదాకా.

ఇప్పుడు ఆ గడి కప్పు పడిపోయింది, ముందర ఎరువుల దుకాణం వెలిసింది. ఆ బాటన బస్సు పోతుంది, ఎవరూ దిగరు, ఎందుకు దిగాలో కండక్టరుకు కూడా తెలియదు. నేనెప్పుడైనా ఆ బస్సు ఎక్కితే, ఆ దుకాణం రాగానే సీట్లో కుడివైపు బరువు తీసి ఎడమవైపుకు కాస్త ఒరుగుతాను. పోయిన నెల పక్కనున్న అమ్మాయి, "తాతా, కూసునేతందుకు తక్లీఫ్ అయితాందా?" అని జరిగి జాగా ఇచ్చింది. "లేదు బిడ్డా, నాకేం లేదు. గీడ ఒక పిలగాడు పండుకున్నడు, వానికి తగలకుంట కూసున్న," అన్నాను. ముసలాడికి మతి తప్పిందనుకుని ఆ పిల్ల ఇంకొంచెం జరిగింది. దుకాణం వెనక్కి పోయేదాకా నేను కిటికీలోంచి అటే చూస్తూ కూర్చున్నాను, తల ఎత్తి. బస్సు కుదుపులకో, మరెందుకో, మోకాళ్ళు కొంచెం చప్పుడు చేశాయి.