కొత్త బావిలో గుల్లలు

అండమాన్‌లో సముద్రానికి బాగా ఎత్తున, మెట్టులా నిలిచిన గట్టులో తెల్లటి గుల్లల పొర చూశాను. భూకంపాలకు నేల పైకి లేచి పాత ఒడ్డు అలా మిగిలిపోయిందన్నారు. రాజోలు అవతల మా కొబ్బరితోట గుర్తొచ్చింది. ఇప్పుడా తోట లేదు.

డెబ్బైల నాటి మాట. సముద్రం ఏటా ఒడ్డు కోసుకుంటూ మా చెట్లను కూల్చేస్తోంది. తోటలో బావినీళ్ళు ఉప్పెక్కితే, నాన్న వెనకనున్న ఇసుక మెరక మీద కొత్త బావి తవ్వించాడు. నిలువెత్తు లోతున సముద్రపు గుల్లలు బయటపడ్డాయి.

చూడవచ్చిన బడి మాస్టారు, "ఒకప్పుడు ఒడ్డు ఇదేనండీ. నేలే లేచిందో, సముద్రమే వెనక్కెళ్ళిందో," అన్నారు.

"మా తోట దగ్గరా వెనక్కెళ్తుందంటారాండీ?" అని అడిగాడు నాన్న.

"మన కాలంలో చెప్పలేమండీ."

"ఆయ్," అన్నాడు నాన్న, బావిలోకి చూస్తూ.

గుల్లలున్న నేల లేస్తుందని నాకు అర్థమైంది. రోజూ పరికిణీ ఒళ్ళో గుల్లలు తెచ్చి, సముద్రం వైపు చివరి వరస చెట్ల మొదళ్ళలో పాతేదాన్ని.

ఒకరోజు మరో చెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. చూడ్డానికొచ్చిన అమ్మ నా మట్టిచేతులు పట్టుకుని, "ఏంటే ఇది?" అంది. చెప్పాను. తిడుతుందనుకున్నాను.

గుల్లలు పాతితే నేల లేవదని అమ్మకు తెలుసు. అయినా బావి దగ్గరకెళ్ళి చెంగు నిండా మోసుకొచ్చి, నా పక్కన చతికిలబడింది.

"గొయ్యి ఎంత లోతు తియ్యాలే?" అంది.