రావుగారి రెండో కల్చర్

2022 వసంతంలో నేను అమెరికాలో, షామ్‌బర్గ్ దగ్గర ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. రోగి నుంచి తీసిన నమూనాలోని బాక్టీరియాను పెంచి గుర్తించడాన్ని కల్చర్ అంటాం. దానిమీద ఏ మందు పనిచేస్తుందో చూడడం సెన్సిటివిటీ టెస్ట్. పదిహేడేళ్లుగా ఈ రెండూ చేస్తున్నాను. నా రిపోర్టు తప్పని అంతవరకూ ఎవరూ అనలేదు.

రామచంద్రరావుగారు రిటైరైన సివిల్ ఇంజినీరు, డెబ్బై దాటిన మనిషి. షుగరుంది. కుడి చెవిలో మొదలైన ఇన్ఫెక్షన్ ఎముకలోకి దిగింది. మొదటి నమూనాలో సూడోమోనాస్ అనే బాక్టీరియా దొరికింది. సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలకు అది లొంగుతుందని నేనే రాసిచ్చాను. రెండు వారాల్లో నొప్పి తగ్గింది. ఐదో వారంలో తిరగబెట్టింది. మందు పనిచేస్తే, బాక్టీరియా పెంచే ప్లేటు మీద మందులో తడిపి పెట్టిన కాగితపు బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఏర్పడాలి. రెండో కల్చర్‌లో బిళ్ళ అంచు దాకా బాక్టీరియా దట్టంగా పెరిగింది.

డాక్టర్ ఫోన్ చేసి, మొదటిసారి నమూనాలు తారుమారయ్యాయేమో చూడమన్నారు. మా సూపర్‌వైజర్ ఎర్రర్ రిపోర్టు ఫారం తెరిచింది. అందులో నా పేరు రాసేముందు వారం గడువిచ్చింది. ఆ మధ్యాహ్నం లంచ్ బాక్స్ తెరిచి కూడా తినలేకపోయాను. పొరపాటు నాదే అయితే, ఆ పెద్దాయన నెలకు పైగా పనికిరాని మందు మింగినట్టే.

మొదటి బాక్టీరియాను ఫ్రీజర్‌లో దాచి ఉంచాం. దాన్ని మళ్ళీ పెంచి చూస్తే వలయం శుభ్రంగా వచ్చింది. నా రిపోర్టు సరైనదే. మరి రెండోది ఎక్కణ్ణుంచి వచ్చింది? రెండింటి జన్యువులనూ అక్షరం అక్షరంగా చదివే సీక్వెన్సింగ్‌కి పంపాం. ఈలోగా నేను మొదటి బాక్టీరియాను కోట్ల సంఖ్యలో, మందు కలిపిన ప్లేటు మీద పరిచాను. మర్నాటికి ప్లేటంతా ఖాళీ, మూడు చుక్కలు తప్ప. ఆ మూడూ మందును తట్టుకుని పెరిగాయి.

వారం చివర సీక్వెన్సింగ్ ఫలితం వచ్చింది. రెండూ ఒకే వంశం. తేడా ఉన్నది కొద్ది అక్షరాల్లోనే, అందులో ఒకటి సరిగ్గా ఆ మందు దెబ్బ కొట్టే చోట.

అప్పటికే రావుగారికి వేరే మందు ఇంజెక్షన్ల రూపంలో మొదలైంది. జరిగింది తెలుగులో చెప్పమని డాక్టర్ నన్ను పై అంతస్తులో వార్డుకి పిలిచారు. భార్య కాఫీ తెచ్చుకోవడానికి బయటికి వెళ్ళాక రావుగారు గొంతు తగ్గించారు.

"మధ్యలో నాలుగు రోజులు టాబ్లెట్స్ మానేశానమ్మా, కడుపులో తిప్పేస్తోందని. మా ఆవిడకి చెప్పలేదు. దానివల్లేనా, నా బాడీ మందుకి అలవాటు పడిపోయింది?"

"మీ బాడీ అలవాటు పడలేదు అంకుల్. బాక్టీరియా కూడా కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. కోట్లలో ఏ ఒకటో రెండో, మీరు మొదటి టాబ్లెట్ వేసుకోకముందే తేడాగా పుట్టి ఉంటాయి. మందు మిగతావాటిని చంపేసింది. మిగిలినవాటి సంతానమే చెవి నిండా పెరిగింది."

"మరి ఆ నాలుగు రోజులు?"

ఓదార్పుగా ఏదో ఒకటి అనేయొచ్చు. కానీ తెలిసినంతే చెప్పాను. "అది నా టెస్టులు చెప్పలేవు. మానకపోయినా ఇలా జరగొచ్చు. మానడం మాత్రం మంచిది కాదు. డాక్టర్‌కి చెప్పండి."

 ఇవల్యూషన్, అదే జీవపరిణామం అంటే మ్యూజియంలో ఎముకల సంగతనుకున్నానన్నారు ఆయన. భార్య రాగానే ఆ నాలుగు రోజుల మాట తనే చెప్పేశారు.

ఆరు వారాల ఇంజెక్షన్లతో ఇన్ఫెక్షన్ పోయింది. కుడి చెవి వినికిడి మాత్రం సగమే తిరిగొచ్చింది. ఎర్రర్ ఫారం నా పేరు లేకుండానే మూసేశారు.

అంతకుముందు, ఒకే రోగి నుంచి అదే బాక్టీరియా కొద్దిరోజుల్లోనే మళ్ళీ వస్తే "పాత రిపోర్టు చూడండి" అని రాసేయడం మాకు మామూలు. ఇప్పుడు చికిత్సలో ఉన్న మనిషి నమూనా వస్తే నేను మొదట్నుంచీ పరీక్షిస్తాను. నా రిపోర్టు ఆ రోజు ప్లేటు మీదున్న గుంపు గురించి మాత్రమే. గంటలోపే ఒక తరం గడిచే జీవాలవి. రావుగారి చెవిలో ఆ గుంపు మారిపోవడానికి ఐదు వారాలు పట్టింది. ఇంకొకరిలో ఐదు రోజులే చాలొచ్చు.