పిల్లులకు కొసరు

బ్రిటన్ మొత్తంలో పిల్లులకు కొసరు అలవాటు చేసిన ఘనత నాదే. కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి. తూకం అయ్యాక ఇంకో గుప్పెడు వెయ్యకపోతే చెయ్యి ఊరుకోదు. లీడ్స్‌లో మా అద్దె ఇంట్లో మూడు పిల్లులకూ క్యాట్ ఫుడ్ కొలిచి పోసి, ముందు గిన్నె ఖాళీ చేసినదానికి పైన గుప్పెడు వేసేవాణ్ణి.

మా బండ పిల్లి ఆ కిటుకు ఇట్టే పట్టేసింది. నమలకుండా మింగి, కొసరు కూడా లాగించి, పక్క గిన్నెల మీద పడేది. భయస్తురాలైన నల్లపిల్లి ఎముకల గూడైపోయింది.

"మహా బేరగాళ్ళు కదా, దాని ప్రాణానికీ బేరమాడండి!" అంది మా ఆవిడ.

పిల్లుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆ వెట్ దాన్ని చూసి, "జబ్బేం లేదు, దీనికి తిండి అందట్లేదు. మూడింటికీ మూడు గదుల్లో, తలుపులేసి పెట్టండి," అంది.

అంత చదువు చదివి చెప్పింది తలుపులు వెయ్యమనా అని వెక్కిరించుకుంటూ ఇంటికొచ్చి, వేశాను. కొసరూ ఆపేశాను. బండది తలుపు గీకుతూ, దొంగ తూకం వేసినవాణ్ణి తిట్టినట్టు తిట్టింది. కొన్నాళ్ళకు నల్లదానికి ఒళ్ళొచ్చింది.

ఇక బిల్లంటారా? వెట్ ఫీజు, ఇల్లు ఖాళీ చేసినప్పుడు గీకిన తలుపులకని ఇంటి ఓనరు డిపాజిట్లో కోసుకున్నది. ఇందులో ఒక్క పెన్నీ కూడా పిల్లుల ఖాతాలో రాయడానికి లేదు.