విరగని కుర్చీ

ఆ రోజుల్లో నాకు ఆగడమనేదే చేతకాదు. మైక్రోవేవ్‌లో ఇంకా పది సెకన్లుండగానే తలుపు లాగేసేవాణ్ణి. అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్ళో కొత్త ఉద్యోగం, కొత్త వీసా, వాటితోపాటు ఒక పాత స్కిట్టు (మా రూమ్మేటూ నేనూ కాలేజీలో రాసుకున్నది). అందులో వాడు వీసా ఆఫీసరు, నేను అదేదో పెళ్ళిచూపులనుకుని వచ్చిన అమాయకుణ్ణి. "ఉప్మా తర్వాత తింటానండీ, ముందు అమ్మాయిని పిలవండి" అంటూ కూర్చోగానే కుర్చీ విరగాలి, నేను పడాలి. ఏ ఊరి తెలుగు సంఘం పిలిస్తే ఆ ఊరికి కార్లో కుర్చీ వేసుకుని పోయేవాళ్ళం. అన్ని ఊళ్ళవాళ్ళూ సరిగ్గా అక్కడే పగలబడి నవ్వేవాళ్ళు.

మా ఇంటి ఓనరు ఒక ముసలాయన. వాళ్ళ నాన్న వాడెవిల్ కమెడియనట. వాడెవిల్ అంటే పాట, గారడీ, కామెడీ అన్నీ ఒకే టికెట్టు మీద చూపిస్తూ ఊరూరా తిరిగే ప్రదర్శనలు. పన్నెండు నిమిషాల యాక్టుతో ఆయన ఇరవయ్యేళ్ళు బతికాడు. తర్వాత సినిమావాళ్ళు పిలిస్తే సంబరంగా వెళ్ళి అదే చేశాడు. కొద్ది రోజుల్లో దేశమంతా చూసేసింది. "ఇంక మా నాన్నకి ఏ ఊళ్ళోనూ పని లేకపోయింది. టీవీవాళ్ళు కొత్తదేమైనా ఉందా అనడిగారు, లేదు. మీరు మాత్రం కెమెరా జోలికి పోకండి" అని ఇంగ్లీషులో హితబోధ చేశాడు. బుద్ధిగా తలలూపాం.

ఆ ఏడు ఉగాదికి స్కిట్టు వేయడానికి హెర్న్‌డన్ వెళ్ళినప్పుడు, అక్కడుండే వాళ్ళక్కను చూడ్డానికొచ్చిన ఒకమ్మాయి భోజనాల దగ్గర నాకు పప్పు వడ్డించింది. "సారీ అండీ, మీ స్కిట్ మిస్సయ్యాను, ఇక్కడే ఉండిపోయా. దసరాకి మా ఫార్మింగ్టన్ హిల్స్‌ వస్తారటగా, చూస్తా" అంది. అంతే! నాకు నిద్ర లేదు. దసరా దాకా ఆగాలా? మధ్యలో ఇంకెవడైనా నవ్వించేస్తే?

"అరే, ఆగు మామా, ఏం తొందర నీకు? తాత చెప్పిండు గదా" అని రూమ్మేటు (వరంగల్‌ వాడు) మొత్తుకున్నాడు. వింటేనా! వీడియో తీయించి నెట్‌లో పెట్టి, అన్ని సంఘాల గ్రూపులకీ నేనే పంపించాను.

దసరా రోజు స్టేజీ ఎక్కాను. నేను నోరు తెరిచేలోపే ముందువరస పిల్లలంతా అమెరికా యాసలో "ఉప్మా టర్వాట టింటానండీ!" అని అరిచారు. పెద్దవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. ధభీమని కుర్చీలో కూలబడ్డాను. విరగలేదు. లేచి మళ్ళీ కూలబడ్డాను. ఊహూ. వదులు చేయాల్సిన బోల్టుని పొద్దున కంగారులో నేనే బిగించేశానని అప్పుడు గుర్తొచ్చింది. ఏడుపొక్కటే తక్కువ. "ఏమండీ, ఈ కుర్చీ విరగట్లేదండీ" అని హాలుకే చెప్పుకున్నాను.

వెనకనుంచి ఒకే ఒక్క నవ్వు వినిపించింది. పప్పమ్మాయిది.

ఇప్పుడావిడ మా ఆవిడ. నేను ఏ జోకు మొదలెట్టినా "విన్నాను" అంటుంది. మొన్న ఉండబట్టలేక అడిగాను, ఆ రోజు ఎందుకు నవ్వావని. "మీ వీడియో పదిసార్లు చూశా, ఒక్కసారీ నవ్వు రాలేదు. అందులో లేనిది ఆ విరగని కుర్చీ ఒక్కటేగా" అంది.

ఆ కుర్చీ గరాజ్‌లో ఉంది. అప్పుడప్పుడు వెళ్ళి కూర్చుంటాను. ఇప్పటికీ విరగలేదు, నేనూ ఆ బోల్టు ముట్టుకోలేదు.