మా అల్లానికి ఆవిరి పట్టిన రోజు

సముద్రం అంటే నేను టీవీలో చూసిందే. మా జహీరాబాద్ నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా, బస్సులో నడుం విరిగేదాకా కూర్చుంటే గానీ ఉప్పునీళ్లు కనబడవు. అలాంటి ఊళ్లో పుట్టి, ఆ ఊళ్లోనే ఉంటూ, ఎక్కడో నడిసముద్రంలో పోయే ఓడ మూలంగా పరువు పోగొట్టుకున్న మనిషిని నేను. ఎలాగో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. పక్కనున్న కోహీర్ వాళ్లు ఇంకా ఆపలేదు.

అప్పట్లో డిగ్రీ పూర్తిచేసి, హైదరాబాద్‌లో కొన్నాళ్లు స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకుని వచ్చి, చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కనున్న గోదాములో పనికి కుదిరాను. కోహీర్ చుట్టుపక్కల అల్లం రైతులు కలిసి పెట్టుకున్న చిన్న సంఘం గోదాము అది. అధ్యక్షుడు శంకర్ కాక. ఆ ఏడు మొట్టమొదటిసారి మా అల్లం యూరప్‌కు పోబోతోంది. ఈ లోడు బాగుంటే ఏటా తీసుకుంటామని కొనేవాళ్లు మాటిచ్చారు. బాగోకపోతే మళ్లీ మార్కెట్లో దళారుల ముందు చేతులు కట్టుకుని నిలబడటమే. రైతులందరూ పిల్ల పెళ్లి కుదిరినంత హడావుడిలో ఉన్నారు.

ముంబై ఏజెంటు దేశ్‌పాండే గారితో ఫోన్లో మాట్లాడే పని నాది. సంఘం మొత్తంలో “యెస్ సార్” అని తడబడకుండా అనగలిగేది నేనొక్కదాన్నే మరి. (ఆ తర్వాత ఏమనాలో తెలియదనుకోండి, అది వేరే సంగతి.) ఆయన మాట ఇంగ్లీషూ హిందీ కలగలుపు. ఆ పొద్దున మా గోదాము ముందు లారీలు బారులు తీరి హారన్లు కొడుతున్నాయి.

“మేడమ్, ఈసారి స్లో స్టీమింగ్!” అన్నారాయన.

“యెస్ సార్!”

“కార్బన్ తగ్గించమని కొనేవాళ్లు పట్టుబట్టారు. అందుకని.”

“యెస్ సార్! ఎంత స్లో సార్?”

“బాగా తగ్గించేస్తారు. ఇంధనం మిగులుతుంది కదా. అడుగు కూడా మొత్తం గీకించారు. అడుగు నున్నగా ఉంటే ఇంకా కలిసొస్తుంది.”

“మేమూ గీకిస్తాం సార్.”

“మీరెందుకు గీకించడం? టైమ్ ఎక్కువ పడుతుంది, మీ అల్లం తట్టుకుంటుందా చెప్పండి. తడి మాత్రం అస్సలు ఉండకూడదు.”

“తట్టుకుంటుంది సార్!”

“సరే, ఎల్లుండి లోడు చూడటానికి నేనే వస్తాను.”

ఫోన్ పెట్టేశాక నా బుర్ర తిరగడం మొదలైంది. అయినా అర్థం కాలేదని ఒప్పుకుంటే స్పోకెన్ ఇంగ్లీషు ఏం కావాలి? ధైర్యంగా కాక దగ్గరికి వెళ్లాను.

“కాకా, అల్లానికి సన్నమంట మీద ఆవిరి పట్టాల్నట.”

“అల్లానికి ఆవిరేంది బిడ్డా? దానికేమన్న సర్ది అయ్యిందా?”

“కార్బన్ తగ్గాల్నంటున్నరు.”

“కార్బనంటే?”

నాకు తెలిసిన కార్బన్ ఒక్కటే, రసీదుల మధ్య పెట్టే నీలం కాగితం. అది అల్లంలో దొరకదని నాకూ తెలుసు. “మసి కాకా. పొగ, మసి, గిట్లాంటిది” అన్నాను.

“మన అల్లానికి మన్నుంటది గానీ మసి యాడిది?” అని కాక చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. “పసుపు ఉడకబెడ్తం గద. అల్లం దానికి చెల్లె అయితది. వాళ్ల దేశంల రివాజు గట్లున్నదేమో. కానియ్.”

ఇక ఆవిరికి పాత్రలు కావాలి. బస్టాండు దగ్గర ఇడ్లీ హోటల్ నడిపే అంజమ్మత్త దగ్గరికి పరుగెత్తాను.

“అత్తా, జర నీ ఇడ్లీ బగోనాలు ఇయ్యవా? అడుగు గీకి ఇయ్యాలె.”

“గీకుడెందుకే?”

“అడుగు నున్నగుంటె గ్యాస్ కలిసొస్తదట.”

“ఎవలన్నరు?”

“యూరపోళ్లు.”

“నా బగోన అడుగు యూరపోళ్లు ఎప్పుడు జూసిన్రే!” అని అత్త నోరు తెరిచింది. అయినా పాపం, తనూ కూర్చుని ఇటుకరాయితో గీకింది.

దేశ్‌పాండే గారు వచ్చే రోజు పొద్దున్నే గోదాములో పొయ్యిలు వెలిగించాం. అల్లం వాసనకు హైవే మీద లారీలు ఆగి, “చాయ్ ఉన్నదా?” అని డ్రైవర్లు అడగడం మొదలుపెట్టారు. మంట ఎవరైనా పెంచబోతే, “స్లో! స్లో!” అని నేను చేతులడ్డం పెడుతున్నాను. అసలు చిక్కు తడి దగ్గర వచ్చింది.

“ఆవిరి పట్టాలె, తడి ఉండొద్దు. ఇదెట్ల కుదుర్తదే?” అంది అంజమ్మత్త.

నాకేం తెలుసు! ఆడవాళ్లంతా బారుగా కూర్చుని, నీళ్లు పోసిన పసిపిల్లల్ని తుడిచినట్టు ఒక్కో కొమ్మునూ పాత చీరగుడ్డలతో తుడుస్తున్నారు. తుడిచేకొద్దీ అల్లం తోలూడి, మెత్తబడి, వేళ్లాడిపోతోంది. నా గుండె కూడా అలాగే వేళ్లాడసాగింది.

అప్పుడే దేశ్‌పాండే గారు దిగారు. పొయ్యిలు చూసి, “ఏమిటిది, ఎవరిదైనా పెళ్లా?” అన్నారు.

“స్లో స్టీమింగ్ సార్” అన్నాను గర్వంగా.

ఆయన బగోన మూత తీసి చూశారు. మూసేశారు. మళ్లీ తీశారు. మెల్లగా ఒక గోనెసంచి మీద కూలబడి, తల పట్టుకున్నారు.

“ఓడ, మేడమ్! స్లో స్టీమింగ్ అంటే సముద్రంలో ఓడను నెమ్మదిగా నడపడం. నెమ్మదిగా పోతే చమురు తక్కువ తాగుతుంది, పొగ తక్కువ వదులుతుంది. కార్బన్ అంటే ఆ పొగే. గీకించింది ఓడ అడుగు. నాచూ గుల్లలూ పట్టుకుంటే నీళ్లలో సాఫీగా సాగదు. ప్రయాణం రోజులు పెరుగుతాయి కాబట్టి, అన్నాళ్లు మీ అల్లం చెడకుండా ఉంటుందా అని అడిగాను!”

శంకర్ కాక నెమ్మదిగా అడిగాడు. “అంటే ఉడకబెట్టాల్సింది అల్లం కాదా సార్?”

“ఓడను కూడా కాదండీ!”

రైతుల మొహాలు చూడలేక నేను స్తంభం చాటుకు పోయాను. అంతలో అంజమ్మత్త గొంతు వినబడింది. “సన్నమంట అన్నందుకు బతికిన్రు పొండ్రి! పెద్దమంట వెడితె ఈపాటికి లోడంత ఖతమయ్యేది.”

నిజమే. నా స్లో పుణ్యమా అని పొద్దుటినుంచి ఉడికింది కొద్ది సంచులే. తక్కిందంతా టార్పాలిన్ కింద పొడిగా, గట్టిగా ఉంది. దేశ్‌పాండే గారు సంచీ సంచీ విప్పి చూసి, లారీ ఎక్కించమన్నారు. ఉడికిన అల్లాన్ని సంఘమంతా పంచుకుంది. నా వాటా కొంచెం ఎక్కువే వేశారు. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఏ కూర తిన్నా గొంతు మండింది.

కొన్ని వారాలకు ఫోనొచ్చింది. “మేడమ్, అల్లం చక్కగా చేరింది. మళ్లీ కావాలంటున్నారు. ఇంకోటి, ఈసారి రేవులో కోల్డ్ ఐరనింగ్ కూడా ఉంటుంది.”

నేను ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాను.

“ఏమంటుండు?” అన్నాడు కాక.

“చల్లటి ఇస్త్రీ అట కాకా.”

కాక మొహం పాలిపోయింది. ఈసారి మాత్రం నేను నేర్చుకున్నదాన్ని. “సార్, అది ఓడకేనా?” అని అడిగాను.

“ఓడకే మేడమ్! రేవులో ఆగినప్పుడు ఇంజన్లు ఆపేసి, ఒడ్డు మీది కరెంటు వాడుకోవడాన్ని అలా అంటారు.”

హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగేసరికి, కాక తన ఫోన్లో ఇస్త్రీబండి మల్లేశానికి గట్టిగా చెబుతున్నాడు. “జల్ది పెట్టె వట్టుకొని రా. బొగ్గులు మాత్రం ఎయ్యకు!”

కాబట్టి పాఠక మహాశయులారా, ఇక్కణ్నించి అరేబియా సముద్రం దాకా ఉన్న నేలనంతా సాక్షిగా పెట్టి ప్రమాణం చేస్తున్నాను. చెప్పేది దేని గురించో తేల్చుకోకుండా, ఎంతటివాళ్లు ఫోన్ చేసినా సరే, ఈ జన్మలో మళ్లీ “యెస్ సార్” అనను.