రొట్టెలక్క గోపురం ఎక్కిన వైనం

ఆ వీధిలో అందరూ ఆమెను రొట్టెలక్క అనే పిలిచేవారు. చర్చికి ఎదురుగా ఉన్న బేకరీ ఆమెదీ, ఆమె భర్తదీ. చర్చి గోపురంలో ఇరవై మూడు గంటలు ఉండేవి. అన్నిటికన్నా చిన్నది చెంబంత, పెద్దది మనిషి లోపల నిలబడగలిగేంత. వాటిని తాళ్ళతో లాగరు. తీగలతో గంటలకు కలిపి వరసగా పేర్చిన కర్రమీటల్ని పిడికిళ్ళతో కొట్టి, కిందివాటిని కాళ్ళతో తొక్కి, పాటలు వాయిస్తారు. ముప్పై ఏళ్ళుగా ఆ పని గంటల మాస్టారిదే.

ఆ ఏడు మాస్టారి మోకాళ్ళు మొరాయించాయి. నూట ముప్పై ఆరు మెట్లు ఇక తన వల్ల కాదని ఆయన ఫాదర్‌కు చెప్పేశారు. గోపురం మూగబోయింది. రొట్టెలక్కకు చేయి విరిగినట్టయింది. పొద్దుటి పాట మొదలైతే మొదటి వాయ పొయ్యిలో పెట్టడం, ముగిస్తే తీయడం ఆమెకు అలవాటు. ఆ వారంలోనే రెండు వాయలు మాడి బొగ్గయ్యాయి.

"గోడకో గడియారం తగిలించనా?" అన్నాడు భర్త.

"గడియారం పాడుతుందా ఏమిటి?" అని కసిరి, అప్పుడే తీసిన రొట్టె ఒకటి కాగితంలో చుట్టుకుని, తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్ళింది.

"నాకు నేర్పండి మాస్టారూ."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నీకు సంగీతం వచ్చా అమ్మాయ్?"

"ముక్క రాదు. కానీ మీరు తప్పు వాయిస్తే మాత్రం తెలుస్తుంది."

"నేనెప్పుడు తప్పు వాయించాను?"

"పోయిన వేసవిలో, ఆ టీచరమ్మ పెళ్ళిరోజున. రెండో చరణం చివర."

మాస్టారు గుడ్లురిమి చూశారు. అంతలోనే పకపకా నవ్వేశారు. "ఎవరికీ తెలియలేదనుకుని ఇన్నాళ్ళూ హాయిగా ఉన్నాను కదమ్మా! ఏదీ, చేతులు చూపించు." పాతికేళ్ళు పిండి పిసికిన ఆ పిడికిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి, "పనికొస్తాయి" అన్నారు.

ఆయన ఇంట్లో సాధనకోసం గంటల్లేని కర్రమీటల బల్ల ఒకటి ఉండేది. ఎంత కొట్టినా టకటకా చప్పుడే తప్ప స్వరం పలకదు. యాభై రెండేళ్ళ వయసులో రొట్టెలక్క ఐదు నెలలపాటు రోజూ దాని ముందు కూర్చుంది. భోజనాల బల్ల కింద కూడా ఆమె కాళ్ళు ఊరుకునేవి కావు.

"అబ్బా! ఇప్పుడు తొక్కింది ఏ గంటే?" అనేవాడు భర్త, కాలు వెనక్కి లాక్కుంటూ.

"పెద్దది. కదలకండి, పాట పోతుంది."

చివరికి ఫాదర్ ఒక ఆదివారం ఖాయం చేశారు. ఆ పొద్దున ఆమె గోపురం వంక చూసింది. ఇంట్లో పాడితే తప్పులు ఇంట్లోవాళ్ళే వింటారు, ఇక్కడ తప్పు పడితే ఊరంతా వింటుంది. మాస్టారు బేకరీ ముందు కుర్చీ వేయించుకున్నారు. భర్త మంచినీళ్ళ సీసాతో ఆమె వెనకే మెట్లెక్కాడు.

మొదటి దెబ్బకే చెక్కనేల అదిరి, ఆ అదురు ఆమె అరికాళ్ళలోంచి పైకి పాకింది. నెలల తరబడి టకటకలే విన్న చెవులకు ఒక్కసారిగా కంచు పలికింది. ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. చేతులు మాత్రం ఆగలేదు. మొదటి చరణం నీటిమీద పడవలా సాగింది. రెండో చరణంలో ఒక మీట కొట్టగానే అది చప్పుడు లేకుండా కిందికి జారిపోయింది. పైన తీగ తెగింది!

"అయ్యో" అన్నాడు భర్త.

ఆమె ఆలోచించలేదు. అదే స్వరం పలికే పెద్ద గంట మీటను కాలితో తొక్కింది. సన్నగా పలకాల్సిన చోట పాట గంభీరంగా మోగింది. ఆ స్వరం వచ్చిన ప్రతిసారీ అలాగే తొక్కుతూ చివరిదాకా లాక్కొచ్చింది.

"ఓసారి ఇటు చూడవే!" భర్త కిటికీ దగ్గర నిలబడి కేక పెట్టాడు. వీధంతా జనం. మంగలి షాపులోంచి సగం గడ్డం నురగతో ఒకాయన రోడ్డు మీదికి వచ్చేసి చప్పట్లు కొడుతున్నాడు. మాస్టారు కుర్చీలోంచి లేచి చేతికర్ర గాల్లో ఊపుతున్నారు.

ఆమె కిందికి రాగానే మాస్టారు చెవిలో అడిగారు. "ఆ పెద్ద గంట సంగతేమిటి?"

"తీగ తెగింది మాస్టారూ."

"ఎవరితోనూ అనకు. కొత్త బాణీ కట్టావని ఫాదర్ తెగ మురిసిపోతున్నారు."

ఆ మధ్యాహ్నం భర్త పట్టకారు, తీగచుట్ట తీసుకుని పైకెక్కాడు. మాస్టారు కింద నుంచి "బిగించు! మరీ బిగించకు!" అని అరుస్తుంటే, ఏది వినాలో తెలియక విసుక్కుంటూనే తీగ కట్టాడు. సాయంత్రం ఎవరూ అడగకుండానే రొట్టెలక్క మళ్ళీ మెట్లెక్కి, తనకు వచ్చిన నాలుగు పాటలూ వరసగా వాయించింది. తనివి తీరక మొదటిది మళ్ళీ అందుకుంది.